మీ గమ్మున, మా గమ్మున

పోయిన నెల అనకాపల్లిలో మా తమ్ముడి గృహప్రవేశానికి వెళ్ళాం. హాల్లో పిల్లలు అరడజను మంది చేరి ఇల్లు పీకి పందిరేస్తున్నారు. పూజలో కూర్చున్నవాళ్ళకి మంత్రం వినపడటం లేదు. మా అమ్మాయి, ఆరేళ్ళది, నడుమ్మీద చేతులేసుకుని నిలబడి "గమ్మునుండండి!" అని గదిమింది. వాళ్ళు ఆగలేదు సరికదా, మా తమ్ముడి కొడుకు ఎదురు ప్రశ్న వేశాడు.

"గమ్మున ఉండడమేటే? గమ్మున వెళ్తారు, గమ్మున వస్తారు. గమ్మున ఎలగుంటారు?"

వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. మా అనకాపల్లి వైపు గమ్మున అంటే త్వరగా అని. బేగి అన్నా అదే, గమ్మున అన్నా అదే. మా అమ్మాయికి మాటలొచ్చిన బాగేపల్లిలో గమ్మున అంటే నోరు మూసుకుని, చప్పుడు చెయ్యకుండా అని. మాట ఒకటే. అర్థం మాత్రం కర్ణాటక సరిహద్దు దాటగానే వేషం మార్చేస్తుంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ముక్క ఆయనకి చెప్పాలి అనుకున్నాను. చెబితే ఎంత సంబరపడతాడో నాకు తెలుసు. చింతామణి రాగానే ఫోన్ చేద్దామనుకున్నాను. వచ్చాక పిల్ల బడి, దాని జలుబు, నా బద్ధకం. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ మూడు వారాలు గడిపాను. పోయిన గురువారం పొద్దున ఆయన ఇంటి నుంచే ఫోను వచ్చింది. ఆయన భార్య.

"అమ్మా, ఆయప్ప గమ్మున పోయినాడమ్మా," అంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా బాగేపల్లిలో ఎవరూ గుర్తుపట్టరు. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ ఆయన కండక్టరు. బస్సు దిగి ఎన్నాళ్ళయినా కండక్టరే. మాకు ఇంటి ఓనరు.

ఏడేళ్ళ కిందట మా ఆయనకి డ్రిప్పు పైపుల కంపెనీలో ఉద్యోగం వచ్చి బాగేపల్లికి వేశారు. పెళ్ళయి ఏడాదిన్నర. అంతకు నాలుగు నెలల ముందు నాకు మూడో నెల కడుపు నిలవలేదు. చోటు మారితే మంచిదని అందరూ అన్నారు. అన్నవాళ్ళెవరూ ఆ చోటు చూసినవాళ్ళు కాదు. నేను బస్సు దిగి చూస్తే ఎటు తిరిగినా బండలు. గుట్ట మీద బండ, బండ మీద ఇంకో బండ, ఎప్పుడు దొర్లుతుందో తెలియనట్టు. నాలుగడుగులకో కాలువ ఉండే ఊళ్ళ నుంచి వచ్చినదాన్ని, అవి మా ఇంటి వైపే చూస్తున్నాయని నా భయం. బోర్డులన్నీ కన్నడం, మాట్లాడేది తెలుగు. ఆ తెలుగు కూడా నాకు సగమే తెలుగు.

ఇల్లు ఊరి చివర కొత్త లేఅవుట్లో ఉంది. చుట్టూ ఖాళీ స్థలాలు, ముళ్ళకంపలు. ఆయన రిటైరయ్యాక కట్టించిన ఇల్లది. తాను మాత్రం పాత ఊళ్ళో పెద్దల నాటి ఇంట్లో ఉండేవాడు. ఇల్లు చూపించడానికి వచ్చిన రోజు తలుపు తీసి, చెయ్యి ఊపుతూ చెప్పాడు.

"గాలి బాగా ఆడుతుంది. లోపలే రెండు నల్లులుండాయి."

మా ఆయన మొహం మాడిపోయింది. మా వైపు నల్లి అంటే మంచంలో చేరి రక్తం తాగేదే.

"నల్లులా? ఎక్కువ వస్తాయా అండీ?"

"పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వస్తాయి."

"రాత్రి రావా?"

"రాత్రి రావు. నీకు మూడోది కావాలంటే చెప్పప్పా, పెరట్లో వేయిస్తా."

నేను మా ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్నాను, పోదాం పదండి అని. అప్పుడు ఆయన వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, "సూడండి, ఈ నల్లి ఎట్ల కొట్తాదో" అన్నాడు. నీళ్ళు సర్రున వచ్చాయి. మేం ఎందుకు నవ్వుతున్నామో ఆయనకి తెలియలేదు. తెలిశాక మాకంటే ఎక్కువ నవ్వాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ కథ బాగేపల్లిలో చెప్పని మనిషి లేడు. నేను కూరగాయలకి వెళ్తే "నల్లులకు బెదిరిన బిడ్డ నువ్వేనా అమ్మా" అని అడిగేవాళ్ళు.

మోపెడ్ మీద తప్ప ఆయన కూర్చోగా నేను చూడలేదు. ముప్పై ఏళ్ళకు పైగా బస్సులో నిలబడ్డ మనిషి. మా ఇంటికి వస్తే గుమ్మానికి నడుం ఆనించి, ఒక కాలు ముందుకి పెట్టి నిలబడేవాడు. ఇల్లు మలుపు తిరిగినా పడిపోననేటంత ధీమాగా ఉండేది ఆ నిలబడటం. కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకునేవాడు. "కూసోని పోయేది నాకు చేతకాదమ్మా" అనేవాడు. చేతికి ఏ కాగితం ఇచ్చినా నిలువునా మడిచి వేళ్ళ మధ్య పెట్టుకునేవాడు. కరెంటు బిల్లయినా అంతే, పెళ్ళి శుభలేఖయినా అంతే.

చాదస్తం కూడా తక్కువ కాదు. గోడకి మేకు కొడితే చప్పుడు పాత ఊరిదాకా వినపడుతుందేమో, సాయంత్రానికి వచ్చేవాడు. మేకుని చూసి నిట్టూర్చేవాడు గానీ తియ్యమనేవాడు కాదు. రోజూ పొద్దున ఏడున్నరకి పాలకి వెళ్తూ మా గేటు ముందు మోపెడ్ ఆపి, ఇంజను ఆపకుండా కేకేసేవాడు.

"ఎందరు?"

"ఇద్దరం," అనేవారు మా ఆయన లోపల్నుంచి.

"రైట్!" అని వెళ్ళిపోయేవాడు.

అంతే. మొదట్లో మా ఆయనకి ఒళ్ళు మండేది. "మనల్ని లెక్కపెడతాడేంటి? మేకలమా?" అనేవారు. ఒకరోజు ఉండబట్టలేక నేనే అడిగాను.

"అట్ల కాదు తల్లీ," అన్నాడు. "బండి ఎక్కించుకున్నాక వాళ్ళు దిగేదాకా మన పూచీ. తలకాయలు లెక్క సరిపోతే ఆ పొద్దుకు నిద్ర పడతాది. మీరు నా ఇంట్లోకి ఎక్కినారు గదా."

పిలుపు దగ్గర మాత్రం మాకు కుదరలేదు. నేను "కండక్టర్ గారూ" అంటే ఆయనకి నచ్చేది కాదు. "ఆ గారూ గీరూ ఏమిటికి? అప్పా అను, సాలు" అనేవాడు. ఆ వైపు పెద్ద మగవాళ్ళందరినీ అప్పా అనే పిలుస్తారు. మా వైపు అప్ప అంటే అక్క. మా అప్ప విశాఖపట్నంలో ఉంటుంది, సన్నగా, పొడుగు జడతో. ఈ గుబురు మీసాల మనిషిని చూసి అప్పా అనాలంటే నాకు నవ్వు ఆగేది కాదు. గారూ దగ్గరే ఆగిపోయాను.

బాగేపల్లి వచ్చిన నెలకే నాకు మళ్ళీ నెల తప్పింది. ఆ సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే జారిపోతుందేమోనని భయం. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే భయం, తుమ్ము వస్తే భయం. మా ఆయన పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చేవారు. ఆయన తిరిగేది గౌరీబిదనూరు వైపు పల్లెలు, నాగరగెరె, హొసూరు, ఇంకా లోపలికి. సగం చోట్ల ఫోను తగిలేది కాదు. నేను తలుపులు వేసుకుని, బండల వైపు కిటికీ మూసుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. కాస్త కదిలితే చాలు, రక్తం కనబడుతుందేమోనని స్నానాలగదిలోకి పరిగెత్తి చూసుకునేదాన్ని. రోజుకి పదిసార్లు. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంది గానీ, ఆ ఏడు నెలలూ నేను బతికింది అలాగే.

ఐదో నెలలో కండక్టరుకి అనుమానం వచ్చింది. పొద్దున గేటు దగ్గర "ఎందరు?" అని అడిగి, మా ఆయన "ఇద్దరం" అనగానే వెంటనే రైట్ అనలేదు. 

"సరిగ్గా సూసుకోని చెప్పప్పా. అర టికెట్టు ఒకటి ఎక్కినట్లుండాది."

 దాచుకున్నది వీధిలో పడ్డట్టు అనిపించింది. లోపలికి పోయి ఏడ్చాను. మర్నాడు ఆయన భార్య స్టీలు డబ్బాలో పితికిపప్పు సాంబారు పంపింది. అనపగింజలు నానబెట్టి ఒక్కొక్కటే తోలు పితికి చేసే కూర అది. ఎంతసేపు పితికితే డబ్బా నిండుతుందో ఆలోచిస్తూ తిన్నాను. ఆ రోజు నుంచి మా ఇంటి లెక్క రెండున్నర.

పాము వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. వెనక గిన్నెలు తోమే చోట, తూము పక్కన చుట్టుకుని ఉంది. నేను పెట్టిన కేకకి అది ఎటో పోయింది. కండక్టరు కర్రతో వచ్చి పెరడంతా గాలించి, చెమటలు తుడుచుకుంటూ వెనక గుమ్మానికి ఆనుకున్నాడు.

"ఇట్ల అరిస్తే అది యాడో దూరుకుంటుంది. మల్లా కనపడితే అరవొద్దు తల్లీ. నాకొక ఫోను కొట్టి గమ్మునుండు. నేను గమ్మున వచ్చేస్తా."

మొదటి గమ్మున నాకు సరిగ్గా అర్థం కాలేదు. రెండోది బాగా అర్థమైందనుకున్నాను. ఒక్క ఫోను కొడితే ఆఘమేఘాల మీద వచ్చే మనిషి ఒకడున్నాడని ఆ రాత్రి ధైర్యంగా పడుకున్నాను.

ఏడో నెల. ఒక మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. అన్నం వార్చి లేచేసరికి కాళ్ళ మధ్య వెచ్చగా తగిలింది. చూసుకుంటే రక్తం. ఇన్నాళ్ళూ రోజుకి పదిసార్లు వెతికింది, ఒక్కసారిగా కళ్ళ ముందుంది.

మా ఆయనకి ఫోన్ చేశాను. అందుబాటులో లేరు. మళ్ళీ చేశాను. లేరు. కండక్టరుకి చేశాను. ఎత్తగానే, "గమ్మున రండి! గమ్మున రండి!" అన్నాను. ఆ మాట గుసగుసలాగే వచ్చింది. పెట్టేశాను.

ఫైలు, చీర సంచిలో వేసుకుని ముందు గుమ్మంలో గ్రిల్లు పట్టుకుని కూర్చున్నాను. పాత ఊరి నుంచి మోపెడ్ మీద మూడు నిమిషాలు. ఐదు అయింది. పది దాటింది. రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ లేదు. మోపెడ్ చప్పుడు లేదు. చీర తడిసిపోతోంది. కడుపులో కదలిక ఉందో లేదో తెలియటం లేదు. మళ్ళీ ఫోన్ చేశాను, కట్ చేశాడు. కట్ చేశాడు! ఆ క్షణం నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఇక లాభం లేదు, మెయిన్ రోడ్డుదాకా నేనే పోవాలి, అది వెనక సందులోంచి దగ్గర అనుకుని, గోడ పట్టుకుంటూ వెనక తలుపు దగ్గరికి వెళ్ళి గడియ తీశాను.

ఆయన అక్కడున్నాడు.

ఉత్త కాళ్ళతో, ఒక చేతిలో చెప్పులు, ఒక చేతిలో కర్ర. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుని "ష్..." అన్నాడు.

"ఇక్కడేం చేస్తున్నారు?" అని అరిచాను. "నేను చచ్చిపోతుంటే కర్ర పట్టుకుని వేడుక చూస్తున్నారా? మనిషేనా మీరు?"

ఆయన చూపు నా చీర కుచ్చిళ్ళ మీద పడింది. కర్ర జారిపోయింది. చెప్పులు కూడా. ఉత్త కాళ్ళతోనే ఆ ముళ్ళకంపల్లో పడి రోడ్డు మీదికి పరిగెత్తాడు. అరవై దాటిన మనిషి అలా పరిగెత్తడం నేను చూడలేదు. రోడ్డు మీద టమోటా బాక్సులతో పోతున్న లగేజీ ఆటోకి అడ్డం నిలబడ్డాడు. డ్రైవరు ఏదో అంటున్నాడు. "దించప్పా! నీ టమోటాలకు నా పూచీ!" అని తానే బాక్సులు రోడ్డు పక్కన దింపేశాడు. నన్ను ఎత్తి పడుకోబెట్టి, ఆటో వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"రైట్! రైట్! పోనీ! యాడా ఆపొద్దు!"

గుంత వచ్చినప్పుడల్లా "హోల్డాన్, మెల్లగ!" అని డ్రైవరు మీద అరిచి, నా వైపు వంగి "గమ్మునుండు తల్లీ, గమ్మునుండు" అనేవాడు. ఇంకా ఎంత గమ్మున ఉండను, నా వల్ల కాదు అని ఏడ్చాను. నొప్పిలో నోటికొచ్చినవాళ్ళనల్లా పిలిచాను. అమ్మా అన్నాను. అప్పా అన్నాను, చాలాసార్లు అన్నాను.

తాలూకా ఆసుపత్రిలో ఇంజెక్షను ఇచ్చి, అంబులెన్సులో చిక్కబళ్ళాపురం పంపించారు. అందులో కూడా ఆయన కూర్చోలేదు. వంగి, పైన కడ్డీ పట్టుకుని, కాలికి ముల్లు దిగిన చోట నుంచి రక్తం కారుతుంటే అలాగే నిలబడ్డాడు. స్కానింగు తీసి మాయ కిందికి ఉందన్నారు. డాక్టరమ్మ కన్నడంలో "ఇన్ను స్వల్ప లేటాగిద్రె కష్ట ఆగ్తిత్తు" అంది. నాకు కన్నడం రాదు. అయినా, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్న ఆ వాక్యం పూర్తిగా అర్థమైంది. గోడ దగ్గర నిలబడ్డ ఆయనకి ఇంకా బాగా అర్థమైంది. సాయంత్రం నాలుగింటికి మా ఆయన దుమ్ము కొట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తే, నా స్కానింగు కాగితాలు కండక్టరు వేళ్ళ మధ్య నిలువునా మడిచి ఉన్నాయి. "రెండున్నర," అన్నాడు మా ఆయనతో. "లెక్క సరిగ్గానే ఉండాది అప్పా." ఆ మాట చెప్పి పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడట. తర్వాత మా ఆయన చెప్పారు.

రక్తం ఆగింది. ఊరు దాటకూడదు, మంచం దిగకూడదు అన్నారు. అమ్మ వచ్చి చిక్కబళ్ళాపురంలోనే నాతో ఉంది. ఎనిమిదో నెల చివర పాప పుట్టింది, అరచేతిలో పట్టేటంత. దాన్ని తీసుకుని బాగేపల్లి ఇంటికి వచ్చేసరికి ఇల్లు మారిపోయి ఉంది. గోడలకి, గట్లకి ఎక్కడ చిన్న కన్నం ఉన్నా సిమెంటు పూసి ఉంది. తూములన్నిటికీ ఇనప జాలీలు. పసిబిడ్డ వస్తోందని చేయించాడు కాబోలు అనుకున్నాను. అయినా ఆయన మీద నా కోపం పూర్తిగా పోలేదు. ప్రాణం కాపాడాడు, నిజమే. కానీ అంతసేపు కర్ర పట్టుకుని ఎందుకు నిలబడ్డాడు? అడగలేదు. ఆయనా నాతో కళ్ళు కలిపేవాడు కాదు. పొద్దున గేటు దగ్గర కేక కూడా మానేశాడు.

ఇరవై రోజుల తర్వాత ఒక పొద్దున వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఒకటి అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఆ పొద్దు పాము యాడికి పోయిందమ్మా?"

"ఏ పాము?"

"అదే, నువ్వు ఫోను కొట్టిన పాము. నువ్వు ఆసుపత్రిలో ఉన్నెప్పుడు ఇల్లంతా ఎతికితిని. దొరకలే. బిడ్డ ఉండే ఇల్లు గదా అని కన్నాలన్నీ మూపిస్తిని."

"పామేమిటండీ? నేను పాము అన్లేదే?"

"గమ్మున రమ్మంటివి గదా తల్లీ. గొంతు కూడా తగ్గించి. పాము పక్కలోనే ఉండాదని మలుపులోనే మోపెడ్ ఆపేసి, చెప్పులు చేతికి ఎత్తుకోని, అడుగు చప్పుడు కాకుండా వస్తిని. తూముకాడ పాము కోసరం కాచుకోనుంటే నువ్వు మల్లా ఫోను చేస్తివి, మోగుతాదని కట్ చేసేస్తిని."

 నాకు ఆ ఊరి గమ్మున తెలియక కాదు. అప్పటికి వినీ వినీ తెలిసింది. కానీ రక్తం చూసిన మనిషికి నోట్లోంచి వచ్చేది పుట్టింటి మాటే. అరువు తెచ్చుకున్న మాట ఆ వేళకి అందదు. మెల్లగా చెప్పాను, మా వైపు గమ్మున అంటే ఏమిటో.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నల్లుల కథకి నవ్వినట్టు. ఆయన నవ్వలేదు. చేతి గడియారం వైపు చూసుకున్నాడు, అది ఇంకా ఆ రోజు మధ్యాహ్నమే చూపిస్తున్నట్టు.

"పన్నెండు ముప్పావుకు వెనక తలుపుకాడికి వస్తిని. నువ్వు గడి తీసినప్పుడు ఒంటిగంటకు ఐదు తక్కువ. పది నిమిషాలు." వెనక తలుపు వైపు చూసి, "తలుపుకు ఈ పక్కన నేను, ఆ పక్కన నువ్వు," అన్నాడు.

"నాదే తప్పండీ. అన్నేసి మాటలు కూడా అన్నాను."

"నువ్వు అన్నేది ఏముండాది. పూచీ నాది."

వెళ్ళిపోయాడు. మోపెడ్ సంగతి మర్చిపోయి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పది నిమిషాలు మా ఇంట్లో ఇంకో మనిషిలా తిరిగాయి. పాప మెడ నిలపడం ఆలస్యమైంది. బోర్లా పడటం ఆలస్యమైంది. ఏడాదిన్నరకి కూడా నడవలేదు. నెలలు తక్కువ పిల్లకి అది మామూలేనని, ఆ పది నిమిషాలకీ దీనికీ ఏ సంబంధమూ లేదని డాక్టరమ్మ చెప్పింది. నేను నమ్మాననే అనుకున్నాను, కానీ పక్కింటి పిల్ల నడిచిన రోజు అన్నం సయించలేదు. ఆయన మాత్రం నమ్మలేదు. రోజూ సాయంత్రం ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేవాడు. నడిచిందా అని నోరు తెరిచి అడిగేవాడు కాదు. గుమ్మానికి ఆనుకుని దాని కాళ్ళ వైపు చూసేవాడు, చూసి వెళ్ళిపోయేవాడు. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని. ఒకసారి, రోజూ రావద్దని చెప్పమని మా ఆయనతో అన్నాను కూడా. ఆయన చెప్పలేదు, మంచిపని చేశారు.

పంతొమ్మిదో నెలలో ఒక సాయంత్రం ఆయన నిలబడి ఉండగా పాప గోడ పట్టుకుని లేచింది. గోడకి నడుం ఆనించింది, అచ్చం ఆయనలాగే, ఒక కాలు ముందుకి పెట్టి. ఆయన జేబులో పాత విజిలు ఉండేది. దాని తాడు వేలాడుతోంది. పాప కన్ను దాని మీద పడింది. గోడ వదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో అడుగుకి ఆయన పంచె పట్టుకుంది.

అన్నిటికీ కేకేసే మనిషి ఆ రోజు "రైట్," అన్నాడు, నాకు కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా.

ఆ మర్నాడు పొద్దున ఏడున్నరకి గేటు దగ్గర మళ్ళీ కేక వినిపించింది. "ఎందరు?" నేనే పరిగెత్తుకెళ్ళి చెప్పాను. ఆ తర్వాతే ఆయనకి ఆ మాట మీద నవ్వు వచ్చింది. నేను ఫోన్ చేసి గమ్మున రండి అంటే, "ఏ గమ్మునమ్మా? మీదా, మాదా?" అని అడిగి, నేను "మాదే" అన్నాకే బయల్దేరేవాడు. ఊరందరికీ ఆ కథ కూడా చెప్పాడు. తాను పది నిమిషాలు నిలబడ్డ ముక్క దాచలేదు. దాంతోపాటు ఇంకొకటి కూడా చెప్పేవాడు.

"గారూ గారూ అని నన్ను దూరం పెట్టే బిడ్డ, ఆ పొద్దు ఆటోలో నన్ను అప్పా అని పిల్చింది. ఒకతూరి కాదు, దావ పొడుగునా."

ఆటోలో నేను పిలిచింది మా అప్పని. విశాఖపట్నంలో ఉన్న మా అప్పని. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే పక్కన పడుకునేది అదే. ఈ సంగతి ఆయనకి చెప్పాలని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఒక మాట అర్థం విప్పి చెప్పినందుకు ఆయన ఏడాదిన్నర నలిగిపోయాడు. ఈ రెండో మాటని విప్పడానికి నాకు మనసు రాలేదు. అలాగని నిజంగా అప్పా అని పిలవనూ లేదు. పిలిస్తే ఇది వేరే పిలుపని తెలిసిపోతుందేమోనని ఏదో పిచ్చి సంకోచం. మూడేళ్ళ కిందట చింతామణికి బదిలీ అయి సామాను ఎక్కించుకుంటున్నప్పుడు కూడా "వెళ్ళొస్తామండీ" అనే అన్నాను.

గురువారం ఫోనులో ఆయన భార్య చెప్పింది. "ఇడ్లీ తినె. గోడకు ఆనుకోని నిలబడె. 'కూసుంటానే' అనె. నాకు అప్పుడే బెదురైందమ్మా, ఎన్నడూ కూసోని మనిషి. కూసునె. అంతే. గమ్మున పోయినాడు."

చప్పుడు లేకుండా పోయాడని ఆమె చెబుతోంది. తొందరపడి పోయాడని నా చెవికి వినపడుతోంది.

చింతామణి బస్టాండులో దొరికిన బస్సు ఎక్కాం. కండక్టరు వచ్చి ఎన్ని అంటే, "రెండున్నర" అన్నాను. ఆ కుర్రాడు కిటికీ పక్కన కూర్చున్న మా అమ్మాయిని చూసి అర టికెట్టు చింపాడు. నాకు అక్కడే ఏడుపు వచ్చింది.

పాత ఊళ్ళో వాళ్ళ ఇంటి ముందు జనం. ఖాకీ చొక్కాలవాళ్ళు చాలామంది ఉన్నారు. మా ఆయన పాపని తీసుకుని ముందు వైపు వెళ్ళారు. నేను ఆ జనంలోంచి పోలేకపోయాను. సందులోంచి వెనక్కి వెళ్ళాను. చెప్పులు విప్పి ఎందుకో చేతిలోకి తీసుకున్నాను. వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏడుపులు, మాటలు వినపడుతున్నాయి. తోస్తే తెరుచుకునే తలుపే. తోయలేక నిలబడ్డాను. తలుపుకి ఈ పక్కన నిలబడితే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

నీళ్ళకి వచ్చి ఆయన భార్యే తలుపు తీసింది.

"ఏమమ్మా, ఈడ నిలబడిండావు? ఎప్పుడొస్తివి?"

"పది నిమిషాలైంది," అన్నాను.

ఆమె నా చేతిలో చెప్పులు చూసింది.  చెప్పులు తీసుకుని పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. చాప మీద పడుకోబెట్టారు. ఆయన్ని అలా వెల్లకిలా పడుకుని ఉండగా కూడా నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె వంగి ఆయన చెవి దగ్గర చెప్పింది.

"సూడప్పా, ఆటోలో నిన్ను పిల్చిన బిడ్డ వచ్చింది." తర్వాత నా వైపు తిరిగింది. "సచ్చేదాకా అదే చెప్పుకునె అమ్మా. ఇంకొకతూరి పిలువు."

"అప్పా," అన్నాను.

ఆమె లెక్కలో అది ఇంకొకసారి. నా లెక్కలో అదే మొదటిసారి.